తాగే నీళ్ళు, తినే తిండి, రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలయ్యాక ఎవరింట్లోనైనా వాంతులు, విరేచనాలు అంటే చాలు, చుట్టుపక్కల వాళ్ళు మొదట అడిగేది "నిన్న బయట ఏం తిన్నావు?" అనే. అడగాల్సిందే. కానీ ఇంట్లో తాగిన నీళ్ళ గురించి ఎవరూ అడగరు. మా కాలనీ సంఘం తరఫున కొన్నేళ్ళుగా నీటి పరీక్షల పని చూస్తున్నాను. ఆ పనిలో జనం నన్ను అడిగినవే ఈ ప్రశ్నలు. నేను డాక్టర్ని కాను. అందుకని మందుల మోతాదుల జోలికి పోలేదు.

నీళ్ళు తేటగా ఉన్నాయి, వాసన లేదు. ఇంకా అనుమానం దేనికి?

రోగం తెచ్చే సూక్ష్మజీవి కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక చేతిపంపు ఉండేది. ఆ నీళ్ళు రుచిగా ఉంటాయని, దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక పెద్దావిడ సీసాలో తెప్పించుకుని మరీ తాగేది. ఆ ఏడాది కలరాతో పోయిన వాళ్ళలో ఆవిడా ఉంది. చనిపోయిన వాళ్ళ ఇళ్ళను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, చాలామంది తాగింది ఆ పంపు నీళ్ళేనని డాక్టర్ జాన్ స్నో పట్టుకున్నాడు. పంపు పిడి ఊడదీయించాడు. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ కలకత్తాలో గుర్తించింది ఆ తర్వాత 30 ఏళ్ళకు, 1884లో. అంటే క్రిమి ఏదో తెలియకముందే దారి దొరికింది. నా అనుభవంలోనూ మనకు పనికొచ్చేది ఇదే: నీళ్ళు గ్లాసులోకి వచ్చేదాకా ఏ దారిన వచ్చాయో చూసుకోవాలి.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలై బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనపడకూడదు. ఈ.కోలై మనుషుల, పశువుల పేగుల్లో ఉంటుంది. నీళ్ళలో అది కనపడిందంటే ఎక్కడో మలం కలిసిందనే. అదే దారిన టైఫాయిడ్, కలరా, కామెర్లు కూడా రావచ్చు.

మున్సిపాలిటీ వాళ్ళు క్లోరిన్ కలిపే పంపుతారు కదా?

కలుపుతారు. నీటి శుద్ధి కేంద్రం దగ్గర నీళ్ళు బాగానే ఉంటాయి. చిక్కంతా అక్కడి నుంచి మన కుళాయి దాకా వచ్చే దారిలోనే.

మన ఊళ్ళలో నీళ్ళు రోజుకు గంటో, రెండు రోజులకోసారో వస్తాయి. నీళ్ళు వస్తున్నంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది, చిల్లు ఉంటే నీళ్ళే బయటికి కారతాయి. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు ఆ చిల్లులోంచే బయట ఉన్నది లోపలికి పోతుంది. బయట ఉన్నది మురుగు కాలువైతే? చాలా వీధుల్లో ఇంటి కనెక్షన్ పైపు మోరీలోంచే వెళ్తుంది, ఒక్కసారి వంగి చూడండి. దానికితోడు కుళాయి పైపుకే నేరుగా మోటారు బిగించేవాళ్ళున్నారు. ఆ మోటారు నీళ్ళతో పాటు పక్కనున్న మురుగునూ లాగేస్తుంది. అది ఒక్క ఇంటితో ఆగదు, ఆ లైను మీదున్న అందరికీ పాకుతుంది. అందుకే ఈ ఒక్క విషయంలో నేను ఇరుగుపొరుగుతో గొడవకైనా సిద్ధపడతాను.

హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మేలో కలుషిత నీటితో వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి.

కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నీళ్ళలో కాస్త బ్లీచింగ్ వాసన వస్తే విసుక్కోకండి, అది మంచిదే. ఆరోగ్య సిబ్బంది దగ్గర క్లోరోస్కోప్ ఉంటుంది. చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి కొన్ని చుక్కల మందు వేస్తారు. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు, రంగు రాకపోతే లేనట్టు. కుళాయి రాగానే మొదట వచ్చే నీళ్ళను తాగడానికి పట్టకుండా మొక్కలకో, బాత్‌రూమ్‌కో వాడుకోండి.

మా నీళ్ళలో మురుగు కలిసిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. హెచ్2ఎస్ సీసా అని దొరుకుతుంది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1982లో ఈ పద్ధతిని ప్రచురించారు. చిన్న సీసా, లోపల మందు పట్టించిన కాగితం ముక్క. గీత దాకా నీళ్ళు నింపి, మూత బిగించి, వెచ్చగా ఉండే చోట 24 నుంచి 48 గంటలు ఉంచాలి. నీళ్ళు నల్లబడితే వాటిలో మలం కలిసిందని గట్టిగా అనుమానించాలి.

మా అపార్ట్‌మెంట్‌లో మొదటిసారి చేసినప్పుడు కుళాయి నీళ్ళ సీసా అలాగే ఉంది. సంపు నీళ్ళ సీసా మాత్రం తెల్లారేసరికి సిరా పోసినట్టు నల్లగా అయింది. సంపు మూత తీయిస్తే లోపల గోడకు ఒక మూల తడి చార కనపడింది. గోడకు అవతలే డ్రైనేజీ ఛాంబర్. మూడేళ్ళుగా ఆ నీళ్ళే అందరం వంటకు వాడుతున్నాం.

టీడీఎస్ మీటర్ పెట్టి "80 చూపిస్తోంది, సూపర్ వాటర్" అనేవాళ్ళుంటారు. ఆ మీటర్ చెప్పేది నీళ్ళలో కరిగిన లవణాల గురించి. సూక్ష్మజీవుల సంగతి దానికి తెలియదు.

ఇంట్లో ఆర్‌ఓ ఉంది. ఇక టెన్షన్ లేదు కదా?

లోపలి వడపోత పొర బాగుంటే ఆర్‌ఓ సూక్ష్మజీవులను బాగానే ఆపుతుంది. కానీ ఫిల్టర్లు టైముకు మార్చకపోయినా, నీళ్ళు నిలిచే ట్యాంకు కడగకపోయినా లోపల పాచి పడుతుంది. వాటర్ ప్లాంట్ నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్‌ది ఇంకో కథ. ప్లాంటులో నీళ్ళు శుద్ధి చేస్తారు, క్యాన్‌ను మాత్రం చాలాచోట్ల ఒకసారి తొలిచి నింపేస్తారు. క్యాన్ లోపల చెయ్యి పెట్టి రాస్తే జిగురు తగిలితే ఆ ప్లాంట్ మానేయండి. ఆర్‌ఓ నీళ్ళలో క్లోరిన్ మిగలదు కాబట్టి, ఆ తర్వాత ఏది కలిసినా ఆపేది ఉండదు.

ఇక బిందెలోకి చెంబుతో పాటు వేళ్ళు ముంచడం. పిల్లవాడి ముడ్డి కడిగిన చేత్తోనే, సబ్బు పెట్టకుండా, గ్లాసు ముంచితే ఆర్‌ఓకి పెట్టిన డబ్బంతా నీళ్ళపాలే. కుళాయి ఉన్న పాత్ర కొనుక్కోండి, లేదా పొడుగు కాడ ఉన్న గరిటె వాడండి.

కాచాలంటే ఎంతసేపు? గ్యాస్ దండగ కాదా?

నీళ్ళు తెర్లుతూ మరిగితే చాలు, ఒక్క నిమిషం అలా మరగనిచ్చి దించేయండి. పది, ఇరవై నిమిషాలు కాచక్కర్లేదు. కాచిన పాత్రలోనే మూతపెట్టి చల్లార్చండి. ఇంకో బిందెలోకి వంచితే ఆ బిందెలో ఉన్నవి మళ్ళీ చేరతాయి.

కాచే వీలు లేకపోతే క్లోరిన్ బిళ్ళలు. ప్యాకెట్ మీద ఎన్ని లీటర్లకు ఒకటి అని రాశారో అలాగే వేసి, అరగంట ఆగి తాగాలి. నీళ్ళు మురికిగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ అంతా మురికికే సరిపోతుంది. అయితే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధి చేసిన నీళ్ళలోనే అది వచ్చి దాదాపు 4 లక్షలమందికి విరేచనాలు పట్టుకున్నాయి. మరిగిస్తే మాత్రం చస్తుంది.

మన ఎండ కూడా మందే. రెండు లీటర్ల తేట ప్లాస్టిక్ సీసాలో వడకట్టిన నీళ్ళు నింపి, మంచి ఎండలో ఆరు గంటలు పడుకోబెడితే చాలా క్రిములు చస్తాయి. మబ్బు పడితే రెండు రోజులు ఉంచాలి.

చిల్లగింజ, పటిక, రాగి చెంబు, పాత చీర: మా అమ్మమ్మ చేసినవన్నీ ఉత్తవేనా?

ఉత్తవి కావు, కానీ ఒక్కోదాని పని ఒక్కోటి. చిల్లగింజ అరగదీసి కలిపినా, పటిక తిప్పినా మట్టి అడుగుకు దిగుతుంది. మట్టితో పాటు కొన్ని క్రిములూ దిగుతాయి, మిగిలినవి చావవు. కాబట్టి తేరిన తర్వాత కాచాలి. రాగి పాత్రలో రాత్రంతా నిలవుంచితే బ్యాక్టీరియా తగ్గుతుందని ప్రయోగశాలల్లో తేలింది, కానీ మురుగు కలిసిన నీళ్ళకు దాన్ని నమ్ముకోవద్దు.

పాత చీర సంగతి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. కలరా క్రిమి నీళ్ళలో ఉండే బుల్లి పురుగులను అంటిపెట్టుకుని ఉంటుంది. బంగ్లాదేశ్ పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి నీళ్ళు వడకట్టించింది. కలరా కేసులు దాదాపు సగానికి తగ్గాయి. 2003లో ఆ ఫలితాలు వచ్చాయి. కొత్త చీర కంటే పాతదే మేలు. ఉతికి ఉతికి పోగులు విచ్చుకుని సందులు చిన్నవవుతాయి. వడకట్టిన గుడ్డను ఉతికి ఎండలో ఆరేయాలి.

వరద నీళ్ళు దిగాయి. బావి, సంపు వాడుకోవచ్చా?

వెంటనే వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో సంపుల్లోకి మురుగు నీరు చేరింది. అలా మునిగిన సంపును పూర్తిగా తోడేసి, గోడలు రుద్ది, బ్లీచింగ్ పౌడర్‌తో కడిగి, ఆ కడిగిన నీళ్ళూ పారబోసి, అప్పుడు నింపుకోవాలి. బావినీ మొత్తం తోడించాలి. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్ల బావి నీటికి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ సరిపోతుంది. వరద తర్వాత అంతకంటే ఎక్కువ కావాలి, పంచాయతీ సిబ్బంది చేత కొలిపించుకోండి. పొడిని నేరుగా బావిలో చల్లకండి. బకెట్ నీళ్ళలో కలిపి, పొడిలోని సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్ళను బావిలో పోసి, చేదతో కలిపి, కనీసం గంట ఆగాలి. మూతి తెరిచి నెలలు గడిచిన బ్లీచింగ్ బస్తాలో ఘాటు చచ్చిపోయి ఉంటుంది.

ఏ తిండి వల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది? రాత్రి తిన్న బిర్యానీయేనా?

చాలాసార్లు కాదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలైతే తిండిలో ముందే తయారై ఉన్న విషం అనుకోవచ్చు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అయితే ఆరు గంటల నుంచి కొన్ని రోజులు పడుతుంది. కలరా కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపు. టైఫాయిడ్ జ్వరం సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల తర్వాత. హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ అనే వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు నెల తర్వాత కూడా బయటపడతాయి. ఈరోజు కళ్ళు పచ్చబడితే పోయిన నెల వెళ్ళిన పెళ్ళి, జాతర గుర్తు తెచ్చుకోవాలి.

కామెర్లకు పసరు పోయిస్తే తగ్గింది. మరి డాక్టర్ ఎందుకు?

హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు వస్తుంది. ఆ ఆకు ఏమిటో, మోతాదు ఎంతో తెలియదు, అప్పటికే దెబ్బతిన్న కాలేయం దాన్ని మోయాలి. చేతి మీద వాతలు పెట్టించడం ఇంకా అన్యాయం, పుండు తప్ప ఏమీ మిగలదు.

గర్భిణుల విషయంలో అస్సలు ఆలస్యం వద్దు. నెలలు నిండుతున్న తల్లికి హెపటైటిస్-ఈ వస్తే వందలో 20 మంది దాకా ప్రాణం పోయే ప్రమాదం ఉంది. 1955-56లో ఢిల్లీలో యమునలోకి మురుగు ఎదురు తన్ని, తాగునీటి కేంద్రంలోకి చేరింది. 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఈ అని చాలా ఏళ్ళ తర్వాత, దాచిన రక్త నమూనాల వల్ల తేలింది. గర్భిణికి కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపైనా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

చద్దన్నం మంచిదంటారు, రాత్రి అన్నం విషమంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. అన్నం ఉడికినా బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు చావవు. గిన్నెడు వేడి అన్నాన్ని అలాగే బల్ల మీద వదిలేస్తే, గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. పొద్దున పోపు పెట్టినా, ఎంత వేయించినా ఆ విషం పోదు. చద్దన్నం దారి వేరు. చల్లారిన అన్నంలో నీళ్ళు, మజ్జిగ పోస్తే పుల్లబెట్టే మంచి బ్యాక్టీరియా ముందు పెరిగి, ఆ పులుపులో చెడ్డవాటిని పెరగనివ్వదు. కానీ పోసే నీళ్ళు కాచినవై ఉండాలి, కలిపే చెయ్యి కడిగినదై ఉండాలి. పులుపుకున్న ఈ గుణం వల్లే ప్రయాణాలకు పులిహోర కట్టుకెళ్ళేవాళ్ళు. పప్పన్నం కడితే మధ్యాహ్నానికే పాడవుతుంది.

వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నె అయితే వెడల్పాటి పళ్ళేల్లోకి సర్దితే త్వరగా చల్లారుతుంది. ఐదు నుంచి అరవై డిగ్రీల మధ్య వేడే క్రిములకు ఇష్టం.

బయట ఏవి మానేయాలి?

నేనైతే ముందు ఐస్ మానేస్తాను. చెరకు రసంలో, సోడాలో వేసే దిమ్మ ఐస్ ఏ నీళ్ళతో చేశారో అమ్మేవాడికీ తెలియదు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. తర్వాత పానీపూరీ నీళ్ళు, కోసి పెట్టిన పండ్లు. నూనెలో అప్పుడే వేగిన మిర్చి బజ్జీ, పెనం మీది దోసె వాటికంటే చాలా నయం. పక్కన పెట్టే చట్నీతోనే జాగ్రత్త.

పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ పిల్లలకు అస్సలు పెట్టకండి. ఫుడ్ పాయిజనింగ్ ఫిర్యాదులు రావడంతో తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న దాన్ని ఏడాదిపాటు నిషేధించింది.

చికెన్‌ను ఎలా కడగాలి?

కుళాయి కింద పెట్టి కడిగితే తుంపరలు పక్కనున్న కొత్తిమీర మీదా, గిన్నెల మీదా పడతాయి. కడగందే మనసొప్పదంటే గిన్నెలో నీళ్ళు పోసి మెల్లగా కడిగి, సింకును సబ్బుతో తోమేయండి. చికెన్ కోసిన కత్తితో ఉల్లిపాయ కోయొద్దు. ఎముక దగ్గర ఎరుపు పోయేదాకా ఉడకాలి.

విరేచనాలు పట్టుకుంటే మొదట ఏం చేయాలి?

ఓఆర్‌ఎస్, అంటే నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజ్ పొడి, కలపండి. ప్రాణం తీసేది చాలావరకు ఒంట్లో నీళ్ళు, ఉప్పు పోవడమే. 1971లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన శరణార్థుల శిబిరంలో, పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్‌లో, సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ నీళ్ళు డ్రమ్ములతో ఇప్పించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

పెద్ద ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకు కొంచెం చొప్పున వేసుకుంటే పాళ్ళు తప్పుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చదును టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. రెండేళ్ళ లోపు పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుంచి 200. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు, లంకణం పెట్టొద్దు. పెరుగన్నం, అరటిపండు పెట్టండి. పిల్లలకు జింక్ గురించి ఆశా కార్యకర్తను అడగండి, పూర్తిగా 14 రోజులు వేయాలి.

మూత్రం ఆగినా, కళ్ళు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో కూర్చోవద్దు.

షాపులో అట్టపెట్టెలో దొరికే ఓఆర్‌ఎస్ డ్రింక్ ఇవ్వొచ్చా?

వద్దు. ఆ పేరుతో అమ్మిన చాలా డ్రింకుల్లో పంచదార మోతాదుకు మించి ఉండేది, దానివల్ల విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్ళు ఒంటరిగా దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) సూత్రం పాటించని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఒక తల్లిగా, డాక్టర్‌గా ఆవిడ పడ్డ కష్టానికి మనం చేయగలిగింది, మెడికల్ షాపులో ప్యాకెట్ వెనక్కి తిప్పి డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడడం.

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ అడిగి వేసుకుంటే?

మామూలు నీళ్ళ విరేచనాలు చాలావరకు యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతాయి, వైరస్ మీద అది పనే చేయదు. పిల్లలకు విరేచనాలు కట్టేసే బిళ్ళ ప్రమాదం. టైఫాయిడ్ అనుమానం ఉంటే మందు మొదలుపెట్టకముందే, రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్ష చేయించమని అడగండి. మనవైపు ఎక్కువగా రాసే వైడాల్ పరీక్షతో ఒక్కదానితోనే తేల్చుకోలేం. ఎప్పుడో వచ్చిన పాత జ్వరానికి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది.

టీకాలున్నాయా?

ఉన్నాయి. రోటా వైరస్ చుక్కలు 6, 10, 14 వారాలప్పుడు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ చుక్కల మందు రోటావాక్, టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీ రెండూ హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసినవే. అమెరికా నుంచి సెలవులకు పిల్లలతో వచ్చేవాళ్ళు టైఫాయిడ్ టీకా బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకోవాలి.

మా వీధిలో ఒకేసారి నలుగురైదుగురికి పట్టుకుంది. ఎవరికి చెప్పాలి?

ఆ రోజే ఏఎన్‌ఎమ్‌కో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, వార్డు ఆఫీసుకో చెప్పండి. "రేపు చూద్దాం" అనొద్దు. విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం చూస్తూ చూస్తూ ఊరంతా పాకింది, ప్రాణాలు పోయాయి. ఫోన్ చేసేటప్పుడు మూడు విషయాలు రాసి పెట్టుకోండి: ఎవరెవరికి ఏ రోజు మొదలైంది, వాళ్ళ నీళ్ళు ఏ కుళాయివి లేదా ఏ బోరువి, ఆ వారంలో వీధిలో ఎక్కడైనా తవ్వారా. పైపు పగిలిన చోటు చాలాసార్లు ఈ మూడో జవాబులోనే దొరుకుతుంది. వాళ్ళు వచ్చేదాకా ఆ నీళ్ళు కాచుకుని తాగండి. సంపు, ట్యాంకు మాత్రం కడగకండి, నమూనా తీసుకున్నాక కడుక్కోవచ్చు.